పొగ రంగు చెప్పమన్న మనిషి

ఆ అర్జీ రాసింది నేనే. సంతకాలు పదకొండు ఇళ్ళవి, అక్షరాలు నావి. హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను కాబట్టి పొగ సంగతి నాకే బాగా తెలుసునని మా వీధివాళ్ళు కాగితం నా చేతిలో పెట్టారు.

పాతపట్నంలో మా వీధి వెనక గోడకి ఆనుకునే జగన్నాధం గారి జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. గింజల్ని ఉడికించి, కోసి, పప్పు తీసి, వేడిగాలి గదిలో ఆరబెడతారు. ఆరితేగాని పప్పు మీది ఎర్రటి పొర ఊడదు. ఆ గదికి వేడినిచ్చే ఫర్నేసు గొట్టం సరిగ్గా మా డాబాల ఎత్తుకి వచ్చి ఆగిపోతుంది. ముందు కట్టెలు కాల్చేవారు. తర్వాత రంపపు పొట్టునీ వేరుశనగ తొక్కల్నీ ఒత్తి చేసిన పెల్లెట్లు వచ్చాయి. విరిగిన చాక్‌పీసు ముక్కల్లా ఉంటాయి. వాటితో పొగే ఉండదని ఎవరో జగన్నాధం గారికి చెప్పారు, ఆయన మాకు చెప్పారు. మూడు నెలలు తిరిగేసరికి కట్టెల పొగే నయమనిపించింది. ఆరేసిన తెల్ల చొక్కాల మీద మసి చుక్కలు, పక్కింటి పాపకి విడవని దగ్గు, ఆఖరికి పెరుగన్నంలో కూడా అదే వాసన.

అర్జీ ఇచ్చిన పది రోజులకి ఫర్నేసు గదికి మా వైపు ఉన్న ఒక్క కిటికీనీ ఇటుకలు పెట్టి మూసేశారు. గదిలోంచి వచ్చే పొగ ఆగింది, గొట్టంలోంచి వచ్చేది ఆగలేదు. సగం పని అయిందనుకున్నాం. ఆ గదిలో రోజంతా ఒక మనిషి ఉంటాడన్న సంగతి పదకొండు ఇళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

శ్రావణమాసంలో, మిగతా సగం సంగతి అడుగుదామని ఫ్యాక్టరీకి వెళ్ళాను. జగన్నాధం గారు ఊళ్ళో లేరు. సూపర్‌వైజరు మోహనకృష్ణ ఉన్నాడు. "మేం ఏం చేస్తాం మేడమ్, ఫర్నేసే అంత. మీరే చూడండి," అంటూ పెరట్లోకి తీసుకెళ్ళి ఒక రేకు తలుపు తోశాడు.

పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. పైన సిమెంటు రేకులు. మధ్యలో మనిషెత్తు ఇనుప ఫర్నేసు. మూలన ఒక కుర్చీ, కుర్చీలో బనీనుతో, భుజాన తువ్వాలుతో ఒకాయన. నలభై అయిదేళ్ళుంటాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. తలుపు మూత పడకుండా కింద ఇటుక ముక్క పెట్టుకున్నాడు. మోహనకృష్ణ దాన్ని కాలితో పక్కకి నెట్టాడు.

"తలుపు తెరిచి పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నూకయ్యా? బూడిద ఎగిరి పప్పు మీద పడుతోంది."

"అలగే బాబూ," అన్నాడాయన.

మేం బయటికి రాగానే తలుపు మూసుకుంది. నేను లోపల ఉన్నది రెండు నిమిషాలు. ఇంటికొచ్చి మొహం కడుక్కున్నా కళ్ళ మంట తగ్గలేదు.

ఆ ఆదివారం ఒకావిడ మా గేటు దగ్గర నిలబడింది. వేళ్ళ కొసలు జీడి సొన తగిలి నల్లగా కమిలి ఉన్నాయి.

"టీచరమ్మా, ఆ కిటికీ మూయించినది మీరేనంట గదా. తగువుకి రాలేదు. ఒక ముక్క సెప్పీసి ఎల్పోతాను. నా పేరు లక్ష్మణమ్మ. ఆ గదిలో ఉన్నది మా ఆయన."

లోపలికి రమ్మంటే రాలేదు. మెట్టు మీదే కూర్చుంది. మంచినీళ్ళు తాగింది. అప్పుడు చెప్పింది.

వాళ్ళది కళింగపట్నానికి ఇవతల సముద్రం ఒడ్డు పల్లె. ఆ పల్లెలో మగవాళ్ళు చాలామందిలాగే నూకయ్య కూడా ఏటా గుజరాత్ వెళ్ళి పెద్ద బోట్ల మీద పనిచేసేవాడు. వల లాగడం కన్నా ఇంజను దగ్గర నేర్పు ఎక్కువ. ఇంజను చప్పుడు విని, పొగ చూసి, ఏం తక్కువైందో చెప్పేవాడట. కరోనాకి ముందటేడు ఒక రోజు పొద్దున్నే, నీళ్ళ మీద కనిపించని సరిహద్దు దాటారని అవతలి దేశం వాళ్ళు వాళ్ళ బోటుని పట్టుకున్నారు. పదమూడు నెలలు జైల్లో ఉన్నాడు. నాలుగు నెలల వరకూ ఇంటికి ఉత్తరం ముక్క రాలేదు.

"కొట్టినారా తిట్టినారా అంటే లేదంటాడు. అన్నం పెట్టినారా అంటే పెట్టినారంటాడు. మరి ఏటి సేసినారు అంటే, ఏటీ సెయ్యలేదే, తలుపేసి ఉంచినారు, అంతే అంటాడు," అంది లక్ష్మణమ్మ. "వొచ్చినాక బోటెక్కమంటే కాళ్ళు రాలేదు. సముద్రమంటే భయం లేదు ఆయనికి. గీత ఎక్కడున్నాదో కానరాదు గదా, దానికి భయం."

ఇక్కడ ఫ్యాక్టరీలో పప్పు వలిచే పనికి లక్ష్మణమ్మని ఆమె చిన్నాన్న కూతురు రప్పించింది. నూకయ్యని బస్తాలు మొయ్యడానికి పెట్టుకున్నారు. అంతలో ఫర్నేసు చూసేవాడు మానేశాడు. ఇంజను పని తెలిసినవాడని నూకయ్యని ఆ గదిలో కూర్చోబెట్టారు.

"వద్దని చెప్పలేకపోయాడా?" అన్నాను.

"అదే నానూ అడిగినాను. గదిలో కూకోడం నాకు అలవాటే గదే అన్నాడు." ఆమె గ్లాసు బోర్లించింది. "కిటికీ ఉన్నప్పుడు ఏదో ఒకలాగ ఉండేవోడు. మీ డాబాల మీద ఎవరు బట్టలారేసినారో ఇంటికొచ్చి సెప్పీవోడు. ఇప్పుడు ఏటీ సెప్పడు. అన్నం తిని గోడకేసి తిరిగి తొంగుంటాడు."

మర్నాడు స్కూలు అవగానే జగన్నాధం గారి దగ్గరికి వెళ్ళి, కిటికీ తెరిపించండి అన్నాను. ఆయన కోపగించుకోలేదు. నవ్వారు.

"మేడమ్, కిటికీ నేను మూయలేదు. మీరు మూయించారు. తెరిచిన మర్నాడు మళ్ళీ అర్జీ రాయరని ఏమిటి నమ్మకం? పొగ తగ్గించే దారి చూపించండి, నేనే పలుగు పట్టుకుని ఆ ఇటుకలు తీస్తాను. కంపెనీ మనిషి వచ్చి ఏదో తిప్పి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తడు."

"నూకయ్యని అడిగారా?"

"నూకయ్యనా? వాడు పెల్లెట్లు పోస్తాడు, బూడిద తీస్తాడు. వాడిని ఏం అడుగుతాం?"

నేను అడిగాను. నూకయ్య కుర్చీలోంచి లేచాడు. ఫర్నేసు తలుపుకున్న చిన్న అద్దంలోంచి లోపలి మంట చూపించాడు. ఎర్రగా, పొడుగ్గా, బద్ధకంగా ఊగుతోంది. కొసన నల్లటి తోక.

"అది సూడండి టీచరమ్మా. తిండెక్కువ, ఊపిరి తక్కువ. బోటింజనుకి నూనె ఎక్కువైతే ఇలగే నల్లగా కక్కుతాది. గాలి సాలట్లేదు."

"మరి గాలి పెంచితే?"

"ఎంత పెంచాలో నాకెలగ తెలుస్తాది? పొగ సూసి గదా పెంచాలి. గొట్టం ఆ గోడకి అవతల ఉన్నాది. పెరట్లోకెళ్తే గొడౌను అడ్డం. గేటు దాటి మీ వీధిలోకొచ్చి సూసీసరికి ఇక్కడ మంట మారిపోద్ది. అయినా మోహనకిష్ణ బాబు గేటు దాటనివ్వడు." నా వైపు చూడకుండానే అన్నాడు: "కిటికీ ఉన్నప్పుడు గొట్టం కొస కనిపించేది."

దసరా సెలవుల్లో మొదటి రోజు నేను కుర్చీ వేసుకుని మా డాబా మీద కూర్చున్నాను. చెవి దగ్గర ఫోను. గోడకి అటువైపు నూకయ్య చెవి దగ్గర ఫోను. మా ఇద్దరికీ మధ్య ఇరవై అడుగులు కూడా ఉండవు.

"రంగు సెప్పండమ్మా."

"నలుపు. చిక్కగా ఉంది."

"ఇప్పుడో?"

"ఏం మార్చావు?"

"మీరు సెప్పండి ముందు. నాను సెప్తే మీకు అలగే కనిపిస్తాది."

ఇరవై రెండేళ్ళుగా పిల్లలతో ప్రయోగాలు చేయిస్తున్నాను. ఇంత శుభ్రంగా ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. రోజుకి ఒక్కటే మార్పు, అంతకు మించి ముట్టుకోనన్నాడు. రెండు కలిపి మారిస్తే మంచి జరిగినా చెడ్డ జరిగినా దేనివల్లో తెలీదని.

మొదటి రోజు పెల్లెట్లు. బస్తాలు సిమెంటు నేల మీదే పడేసి ఉన్నాయి, వానాకాలం చెమ్మ ఎక్కింది. మంచి పెల్లెట్టు విరిస్తే చిటుక్కుమంటుంది. ఇవి వేళ్ళ మధ్య పొడి అయిపోతున్నాయి. చెక్కలు పరిచి వాటి మీద ఆరిన బస్తాలు పెట్టించాడు. పెల్లెట్లని జల్లెడ పట్టి పొడి వేరు చేశాడు. పొగ నలుపు కాస్త విరిగింది.

రెండో రోజు ఫర్నేసు చల్లార్చి, పెల్లెట్లు కాలే ఇనుప గిన్నె బయటికి తీశాడు. దాని అడుగున గాలి రావడానికి వేలెడంత కన్నాలుంటాయి. సగానికి పైగా పూడిపోయి ఉన్నాయి. బూడిద కరిగి, గట్టిపడి, రాయిలాంటి చిట్టెంగా అతుక్కుపోయింది. ఉలి పెట్టి ఒక్కొక్కటే ఊడగొట్టాడు. మధ్యాహ్నం దాకా ఆ చప్పుడు మా ఇంట్లోకి వినపడుతూనే ఉంది.

మూడో రోజు గాలి పెంచే రేకు పూర్తిగా తెరిచాడు. అదే పొరపాటైంది. నిప్పు గిన్నెలో నిలవలేదు, సగం కాలిన పెల్లెట్లు ఎగిరి బూడిదలో పడ్డాయి, వేడిగాలి గది చల్లబడింది. మోహనకృష్ణ వచ్చి కేకలేశాడు. నూకయ్య రేకుని వెనక్కి తెచ్చి, దానికి బదులు పెల్లెట్లు పడే వేగం తగ్గించాడు. ఆ సాయంత్రం మొదటిసారి నేను "బూడిద రంగు" అన్నాను. అటువైపు నుంచి "ఊఁ" అన్నాడు. నవ్వాడేమో కూడా, నాకు వినపడలేదు.

ఆ మర్నాడు గదిలోకి వెళ్ళి చూస్తే, గోడ మీద చాక్‌పీసు గీతలు వరసగా ఉన్నాయి. జైల్లోలా రోజులు లెక్కపెట్టుకుంటున్నాడనుకున్నాను. నా మొహం చూసి గ్రహించినట్టున్నాడు.

"ఇవి రేకు ఎంత తెరిసినానో గుర్తులమ్మా. అక్కడ లెక్కెట్టలేదు. లెక్కెడితే పిచ్చెక్కుద్ది."

అయిదో రోజు బరంపురం నుంచి సరుకు కొనేవాళ్ళు వచ్చారు. వాళ్ళు చూస్తుండగా పప్పు మీద బూడిద పడితే పరువు పోతుందని మోహనకృష్ణ ఫర్నేసు గది తలుపు దగ్గరకి వేసి, బయట గడియ పెట్టాడు. గంటలో తీస్తానని అనుకున్నాడట. ఎవరికీ చెప్పలేదు.

పదకొండున్నరకి కరెంటు పోయింది. నేను డాబా మీదే ఉన్నాను. గొట్టంలోంచి పొగ సన్నబడి, ఆగిపోయింది. ఫర్నేసు పొగని గొట్టంలోకి లాగేది కరెంటు ఫ్యాను. ఫ్యాను ఆగితే గిన్నెలో ఉన్న పెల్లెట్లు మంట లేకుండా కుములుతాయి, ఆ పొగకి దారి ఉండదు. అది నాకు తెలుసు, కానీ ఆ క్షణంలో గుర్తు రాలేదు. ఫోన్ చేశాను, రంగు చెబుదామని. మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. అప్పుడు చూశాను, గది పైరేకులకీ గోడకీ మధ్య సందులోంచి పసుపు పచ్చటి పొగ బయటికి కారుతోంది.

చెప్పులు లేకుండా పరిగెత్తాను. మా వీధి చివర దాకా వెళ్ళి, తిరిగి, ఫ్యాక్టరీ గేటు. పప్పు వలిచే హాలు గుమ్మంలోంచి లక్ష్మణమ్మని పిలిచాను. నా గొంతు విని ఆమెకి ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఒళ్ళోని పప్పు ఒలకబోసుకుంటూ వచ్చి గడియ లాగింది.

నూకయ్య తలుపు పక్కనే నేల మీద ఉన్నాడు. తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని, తలుపు కింది సందు దగ్గర ముక్కు పెట్టుకుని పడుకున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెరట్లోకి ఈడ్చుకొచ్చాం. కక్కుకున్నాడు. కొంతసేపటికి లక్ష్మణమ్మ రెండు చేతులతో ఆయన మొహం పట్టుకుని ఊపింది.

"తలుపు కొట్టలేదేటయ్యా? అరవలేదేటి? ఇరవై మందిమి ఇవతలే ఉన్నాం గదా!"

"కొడితే తీస్తారని తోసలేదే," అన్నాడు.

"టీచరమ్మ ఫోన్ సేసింది గదా!"

"మోగింది. ఇన్నాను." ఆయన నా వైపు చూశాడు. తప్పు చేసిన పిల్లాడి చూపు. "ఎత్తితే ఏటి సెప్పాలో తెలీలేదమ్మా."

లక్ష్మణమ్మ ఏడవలేదు. లేచి, పెరట్లో ఉన్న గునపం తెచ్చి, తలుపు గడియని మేకులతో సహా ఊడబెరికింది. మోహనకృష్ణ ఎదురుగా నిలబడే ఉన్నాడు. బరంపురం వాళ్ళు కూడా చూస్తున్నారు.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టి సాయంత్రానికి పంపేశారు. జగన్నాధం గారు అక్కడికి వచ్చారు. మంచం పక్కన నిలబడి, ఎటు చూడాలో తెలియక, "ఏం కావాలి నూకయ్యా?" అన్నారు.

నూకయ్య ఆలోచించాడు. "బాబూ, మీ ఆఫీసులో కంప్యూటరుకి బ్యాటరీ ఎట్టినారు గదా. దాన్ని ఫ్యానుకి ఎట్టండి. కరెంటు పోయినా ఫ్యాను ఆగకూడదు."

నాకు ఒళ్ళు మండింది. చచ్చి బతికినవాడు బ్యాటరీ అడుగుతున్నాడు. కిటికీ అడగవేం అని నేను అనబోతుంటే లక్ష్మణమ్మ నా చెయ్యి నొక్కింది. తనే అడిగింది.

"కిటికీ తియ్యండి బాబూ. తియ్యకపోతే ఈయన్ని ఆ గదిలోకి పంపను. ఇంక మీ ఇష్టం."

"నేను తీయననలేదమ్మా," అన్నారు జగన్నాధం గారు, నీరసంగా. "పొగ..."

"పొగ నాను సూసుకుంటాను," అన్నాడు నూకయ్య.

మళ్ళీ ఆ గదిలోకే వెళ్తాడని నేను అనుకోలేదు. మూడో రోజున వెళ్ళాడు. లక్ష్మణమ్మ గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది, తలుపు మూత పడకుండా తన వీపు ఆనించి. పప్పు అక్కడికే తెప్పించుకుని వలిచింది. బూడిద పడుతుందని ఈసారి ఎవరూ అనలేదు.

ఆ రోజు పనిలోనే అసలు తప్పు దొరికింది. ఫర్నేసు తలుపు అంచు చుట్టూ వేడికి తట్టుకునే తెల్లటి తాడు ఉంటుంది, గాలి చొరబడకుండా. నూకయ్య నా దగ్గర ఒక నోటుబుక్కు కాగితం అడిగి పొడుగ్గా చింపాడు. తలుపు సందులో పెట్టి మూసి, కాగితాన్ని లాగాడు. పైవైపు గట్టిగా పట్టింది. కిందివైపు వెన్నలోంచి దారంలా వచ్చేసింది.

"ఇదిగో దొంగ," అన్నాడు. "ఫ్యాను లాగిన గాలి గిన్నె కింద నుంచి రావాలి. ఇక్కడ సులువుగా దారుంటే అక్కడికెందుకు పోద్ది? నిప్పుకి ఊపిరి అందకుండా గాలంతా పక్క నుంచి జారిపోతన్నాది."

ఆ తాడు పాతపట్నంలో దొరకలేదు. విజయనగరం వెళ్ళే ఒక మనిషితో తెప్పించాం. అది వచ్చేలోగా గొట్టం విప్పి, లోపల బెత్తెడు మందాన పట్టిన మసిని గీకించాడు. కొత్త తాడు వేశాక కాగితం ఎక్కడ పెట్టి లాగినా చిరిగిందే తప్ప రాలేదు. అప్పుడు మళ్ళీ ఫోన్లు. రేకు ఒక గీత తెరవడం, రంగు అడగడం, పెల్లెట్ల వేగం ఒక మెట్టు తగ్గించడం, రంగు అడగడం.

"లేత బూడిద."

"ఇప్పుడో?"

"తెలుపు. పలచగా."

"ఆగండి, పావుగంట ఆగి సెప్పండి."

పావుగంట తర్వాత చూస్తే నాకేమీ కనిపించలేదు. గొట్టం వెనక ఉన్న కొబ్బరాకులు మాత్రం నీళ్ళలో నీడలా వణుకుతున్నాయి. ఆరిపోయిందేమోననుకున్నాను.

"నూకయ్యా, పొగ లేదు. మంట ఉందా?"

"ఉన్నాది," అన్నాడు. "వొచ్చి సూడండి."

అద్దంలోంచి చూస్తే మంట పొట్టిగా, తెల్లగా, కన్ను నిలవనంత వెలుగు. నల్లటి తోక లేదు. స్టవ్ చప్పుడులా ఒకే స్థాయిలో హోరు. వేడిగాలి గది డెబ్భై డిగ్రీలకి రావడానికి మూడు గంటలు పట్టేది, ఆ రోజు గంటంబావుకే వచ్చింది.

కొత్త కాగితం రాశాను. ఫలానా కిటికీ తెరవడానికి మాకు అభ్యంతరం లేదని. పది ఇళ్ళు సంతకం పెట్టాయి. చివరింటి శివాజీ గారు పెట్టలేదు. "రెండు రోజులుగా చూస్తున్నా, పొగ లేదు. అంటే ఫర్నేసు ఆపేసి మనకి నాటకం చూపిస్తున్నారు," అన్నారు. ఎంత చెప్పినా వినలేదు. సరే, మీరే చూడండని తీసుకెళ్ళాను. గదిలోకి వెళ్ళాక ఆయనే తలుపు మూశారు, మోసం ఏదైనా ఉంటే పట్టుకుందామని. నూకయ్య కుర్చీ ఇచ్చాడు. అయిదు నిమిషాలకి శివాజీ గారు బయటికి వచ్చారు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. నా చేతిలోంచి కాగితం తీసుకుని గోడకి ఆనించి సంతకం పెట్టారు.

"లోపల మనిషి ఎన్ని గంటలుంటాడు?" అని అడిగారు.

"పన్నెండు," అన్నాను.



కార్తీకంలో ఇటుకలు తీశారు, ఫ్యానుకి బ్యాటరీ కూడా పెట్టారు. పాత కిటికీ అంత పెద్దది పెట్టలేదు. అందులో సగం, దానికీ ఇనుప చువ్వలు. దొంగల భయమన్నారు జగన్నాధం గారు. ఆ చువ్వలు చూసి నాకు మనసు చివుక్కుమంది. నూకయ్య మాత్రం కుర్చీని దానికి ఎదురుగా జరుపుకున్నాడు.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. ఫర్నేసు బాగుపడ్డాక బస్తాలు తక్కువ పడుతున్నాయి, పప్పు తెల్లగా వస్తోంది. దాంతో జగన్నాధం గారు నూకయ్యని ఒక్క పూట కూడా వదలడం మానేశారు. ముందు నూకయ్య సెలవు పెడితే ఎవరో ఒకరు పెల్లెట్లు పోసేవారు. ఇప్పుడు ఇంకొకరి చెయ్యి పడితే చెడిపోతుందని భయం. పొద్దున్న ఆరింటికి లోపలికి వెళ్ళినవాడు సాయంత్రం ఆరింటికి బయటికి వచ్చేవాడు, వారంలో ఏడు రోజులూ. లక్ష్మణమ్మ మేనకోడలి పెళ్ళికి ఒక్కతే వెళ్ళింది.

"మంచిగా సేసినందుకు ఇలగైంది," అంది ఒకనాడు నాతో. "పాడుగా ఉన్నప్పుడే నయం."

ఆ మాట నేను నూకయ్యకి చెప్పాను. ఆయన చాలా రోజులు ఆలోచించినట్టున్నాడు. తర్వాత, ఫర్నేసు పని నేర్చుకుంటావా అని అమ్మడిని అడిగాడు. అమ్మడు పప్పు వలిచేవాళ్ళలో ఒకతి, ముప్ఫై ఏళ్ళ మనిషి, భర్త లేడు, నోరు పెద్దది. ఆడవాళ్ళకి ఫర్నేసేమిటని మోహనకృష్ణ అన్నాడు. "నీకు వొస్తే నువ్వు సెయ్యి బాబూ, నాను పప్పొలుసుకుంటాను," అంది అమ్మడు. నూకయ్య ఆమెకి నేర్పాడు. పెల్లెట్టు విరిచి వినడం, కాగితం పెట్టి తలుపు చూడడం, రోజూ పొద్దున్న చిట్టెం కొట్టడం, మంట రంగు. గోడ మీద చాక్‌పీసు గీతల్ని నేను పెయింటుతో దిద్దించాను. నేర్చుకోవడానికి అమ్మడికి నెల పట్టింది. ఆమె చేతి మంట కూడా తెల్లగానే వస్తుందని చూశాక జగన్నాధం గారు దిగివచ్చారు. వారానికి రెండు రోజులు, సోమవారం, గురువారం, ఫర్నేసు అమ్మడిది. నూకయ్యకి సెలవు.

మొదటి సోమవారం పదింటికి మా ఇంటి ముందు నుంచి వెళ్తుంటే చూశాను. ఉతికిన చొక్కా, నున్నగా దువ్విన తల.

"ఎక్కడికి నూకయ్యా?"

"ఎక్కడికీ లేదమ్మా. ఊరికే."

మధ్యాహ్నం ఫ్యాక్టరీకి ఏదో పని మీద వెళ్తే, పెరట్లో గొడౌను మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. అమ్మడు లోపల నుంచి అరుస్తోంది, "ఎల్లు మావా, ఈ పూట నీకేటి పనిక్కడ?" ఆయన నవ్వుతున్నాడు, లేవడం లేదు. గురువారమూ అంతే.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. ఈ మధ్య కొంచెం దూరం వెళ్తున్నాడు. బజారుకి వెళ్ళి టీ తాగి వస్తాడు. ఒకసారి పర్లాకిమిడి దాకా నడిచి వెళ్ళాడు. చీపురుపల్లి దగ్గర ఒక మిల్లువాళ్ళు తమ ఫర్నేసు చూసి పెట్టమని కబురు పెడితే బస్సెక్కి వెళ్ళి, పని చేసి, చీకటి పడకముందే వచ్చేశాడు. తలుపు పక్క సీటు దొరికేదాకా రెండు బస్సులు వదిలేశాడని లక్ష్మణమ్మ చెప్పింది. సొంతూరికి మాత్రం ఇంకా వెళ్ళలేదు. వాళ్ళ అన్న గంగులు పండగలకి కబురు పెడుతూనే ఉంటాడు.

మొన్న గురువారం డాబా మీద బట్టలు ఆరేస్తుంటే కింద వీధిలో కనిపించాడు. ఊరికి ఎప్పుడు వెళ్తున్నావని అడిగాను.

"ఎల్తానమ్మా," అన్నాడు. "ఎల్లాలి." గొట్టం వైపు తల ఎత్తి చూసి, "అమ్మడు ఇవాళ గాలి కొంచెం ఎక్కువెట్టినాది," అని, చేతులు వెనక్కి కట్టుకుని ఫ్యాక్టరీ గేటు వైపు నడిచాడు.